మన తాతలు ఎంత మాంసం తిన్నారు?



ఈసారి పోస్టు పొడుగే. తీరిక చూసుకొని చదవండి. చదివినాక ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా వినిపించండి.

మాలో ఒకరి మేనమామ సంగతితో మొదలుపెడతాం. యాభై దాటిన మనిషి. మలంలో నెత్తురు పడుతుంటే మొలలు అనుకొని ఏడాదిపాటు నాటుమందు మింగుతూ వచ్చినాడు. బాగా సన్నబడిపోయినాక ఇంట్లోవాళ్ళు బలవంతంగా తిరుపతికి తీసుకొచ్చినారు. పరీక్షలు చేస్తే పెద్దపేగులో గడ్డ. డాక్టరు అడిగిన ప్రశ్నల్లో "రోజూ ఏం తింటారు?" అన్నది ఒకటి. మామ తడుముకోకుండా "ఏముంది సార్, పప్పన్నం" అన్నాడు. బయటికొచ్చినాక అట్లా ఎందుకు చెప్పినావని అడిగితే, "మన కూడు సంగతి ఆయప్పకెందుకురా? నవ్వుతాడు" అన్నాడు.

ఆ గడ్డ మాంసం వల్లే వచ్చిందని మేం చెప్పడంలేదు. ఒక మనిషికి క్యాన్సర్ ఎందుకొచ్చిందో ఒక్క కారణం చూపించి ఎవరూ చెప్పలేరు. మాకు మింగుడుపడనిది మామ ఆడిన అబద్ధం. ప్రాణం మీదికొచ్చిన రోజు కూడా పళ్ళెంలో ఏముందో చెప్పడానికి సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గుకో చరిత్ర ఉంది. ఇంకోపక్క మన వయసు పిల్లలం గది దగ్గర బిర్యానీ ముందు కూర్చుని "మన తాతలు దినామూ మాంసమే తిన్యారు, వాళ్ళకేమైంది?" అంటాం. ఆ ధీమాకూ ఒక చరిత్ర ఉంది, కాకపోతే అందులో సగం మనం ఊహించుకున్నదే. ఈ రెండూ ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే తప్ప, మాంసం గురించి డాక్టర్లు చెప్పే మాట మన చెవికి సరిగ్గా ఎక్కదు.

శ్రీహరికోట లెక్క

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట ప్రాంతం నెల్లూరు నుంచి ఇటు కలిసింది. అట్లా శ్రీహరికోట మన జిల్లాదయింది. రాకెట్ల కంటే ముందు ఆ దీవి యానాదులది. 1835లో అప్పటి ప్రభుత్వం దాన్ని తన చేతికి తీసుకుంది. అడవిలో తేనె, వేర్లు, మూలికలు ఏరి సర్కారుకు అప్పగిస్తే బదులుగా గింజలు కొలిచేవాళ్ళు. మిగతా తిండి వాళ్ళు వెతుక్కునేదే: అడవి దుంపలు, పండ్లు, పులికాట్ చేపలు, పీతలు, అప్పుడప్పుడు కుందేలు, కోతలైనాక పొలాల్లో ఎలుకలు.

ఎలుకను పట్టే తీరు మనలో చాలామంది చూసే ఉంటారు. అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి నింపి నిప్పుపెట్టి, మూతిని కలుగుకు ఆనించి, చిల్లిలోంచి ఊదుతారు. పొగ లోపలికి పోతుంది, ఎలుక చిక్కుతుంది. తర్వాత కలుగు తవ్వితే ఎలుక దాచుకున్న వరికంకులు దొరుకుతాయి. కూరా గింజా ఒక్క కలుగులోంచే వచ్చేవి. రైతుకు పంట మిగిలేది, యానాదికి పూట గడిచేది.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక పూటంతా తవ్వితే దొరికే నాలుగైదు ఎలుకలు ఒక గుడిసెలో ఎంతమంది తినాలి? ఒక్కొక్కరికి వచ్చేది గుప్పెడు. అదీ కొవ్వు లేని మాంసం. దాన్ని పట్టడానికి పడిన కష్టంలోనే తిన్నదంతా కరిగిపోయేది. మాంసం వాళ్ళకు రుచి, బలం. కడుపు నింపింది మాత్రం దుంపలూ గింజలూ.

అయితే ఆ తిండిని చూసినవాళ్ళు ఏం రాసిపెట్టినారు? 1909లో మద్రాసులో ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి కలిసి దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చినారు. యానాదుల సంగతి ఏడో సంపుటంలో ఉంటుంది. మంచి యానాదులు, అడవి యానాదులు, చల్లా యానాదులు, కప్పల యానాదులు అని విడదీసి చెప్పినారు. కప్పలు తినేవాళ్ళు ఒక రకం, ఊరి ఎంగిలి తినేవాళ్ళు ఇంకో రకం. మనిషి స్థాయిని పళ్ళెం చూసి కొలవడం ఊళ్ళో ముందునుంచీ ఉన్నదే. దాన్ని అచ్చులోకి ఎక్కించినారు. ఆకలికి తిన్నది పేరైపోయింది. మామ నోట "పప్పన్నం" అనిపించింది ఆ పేరే.

ఉప్పు మోసినవాళ్ళు

ఎరుకల, సుగాలీల కథ ఇంకో దారి. రైలు రాకముందు కోస్తా ఉప్పు లోపలి ఊళ్ళకు ఎట్లా వచ్చేది? ఎద్దుల మీద, గాడిదల మీద. సుగాలీలు పెద్ద పెద్ద బిడారులు నడిపేవాళ్ళు. ఎరుకలవాళ్ళు గాడిదల మీద ఉప్పు తెచ్చి గింజలకు మార్చుకునేవాళ్ళు. ఎరుకలలో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బల ఎరుకల అనే పేర్లు ఆ బతుకుతెరువుల నుంచే వచ్చాయి.

1871 నాటికి మద్రాసు నుంచి రేణిగుంట మీదుగా పోయే పట్టాలు బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలతో రాయచూరు దగ్గర కలిశాయి. ఉప్పు రైలెక్కింది. పైన ఉప్పు పన్ను. గాడిదల వ్యాపారం చితికిపోయింది. అదే 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. మొదట ఉత్తరాదిలో, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. నిన్నటిదాకా ఉప్పు తెచ్చిచ్చిన మనిషి దొంగల జాబితాలో చేరినాడు. ఆ చట్టం పోయేదాకా ఎరుకల కుటుంబాలెన్నో పోలీసుల ముందు హాజరు వేయించుకుంటూ బతికాయి.

మాంసం సంగతిలోకి ఉప్పు ఎందుకొచ్చిందంటారా? మన ఇండ్లల్లో మాంసం దాచుకునే దారి ఉప్పే. జాతరకో పెండ్లికో మేకను కోస్తే మిగిలినదాన్ని సన్నగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి ఎండలో ఆరేస్తారు. అదే ఉప్పుకండ. వానాకాలంలో కూలి లేని రోజు రెండు ముక్కలు పప్పులోనో పులుసులోనో వేస్తే ఇల్లంతా వాసన, అందరికీ కూర. ఒక మేకలో ఏదీ పారేసేది లేదు. తలకాయ, కాళ్ళు, బోటి, నెత్తురు అన్నీ వండుకునేదే. సుగాలీల సలోయ్ మేక నెత్తురుతో చేసే వంటే కదా.

కానీ ఆ మేకను ఎన్నిసార్లు కోసినారు? మేక సంతకు పోవాల్సిన సరుకు. ఎరుకలింట పంది కూడా అంతే, అది కదిలే బ్యాంకు. బిడ్డ పెండ్లికో, అప్పుకో, రోగానికో అమ్మేది. ఇంట్లో తినడానికి కాదు. గంగజాతర, సంక్రాంతి, పెండ్లి, చావు. ఈ నాలుగూ తీసేస్తే ఏడాదిలో వేటమాంసం ఎన్నిసార్లు తిన్నారో మీ అవ్వనే అడగండి. మేం అడిగినాం. "దినామూ తినడానికి మేమేమన్నా జమీందార్లమా?" అని నవ్వింది.

కరువు నేర్పింది

1876-78 కరువును మనవైపు ధాత కరువు అంటారు. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. గొడ్డూ గోదా పోయాయి. కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1877లో తీర్మానించినాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది మనిషిని చంపే కూలి అని ఎదురుతిరిగినాడు. దినమంతా ఎండలో తవ్వినా అరకిలో గింజలు కూడా దక్కని కాలం అది. అట్లాంటి కాలాలు దాటొచ్చిన ఇంట్లో మాంసం దొరికిన రోజు పండగే. "దొరికినప్పుడు తిను" అన్న బుద్ధి మన ఒంట్లోకి అక్కడినుంచే వచ్చింది. ఇప్పుడు రోజూ దొరుకుతోంది. బుద్ధి మాత్రం మారలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. "తాతలకేం కాలేదు" అంటాం. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో సగటు ఆయుష్షు 32 ఏండ్ల దగ్గర ఉండేది. పసిబిడ్డలు పోయేవాళ్ళు, కాన్పుల్లో తల్లులు పోయేవాళ్ళు, కలరా, మశూచి, క్షయ. పెద్దపేగు క్యాన్సర్, గుండెపోటు ఎక్కువగా నడివయసు దాటినాక వచ్చే రోగాలు. చాలామంది తాతలు ఆ వయసు దాకా బతకనే లేదు. ఎనభై ఏండ్లు బతికిన ఒక్క తాతను చూపించి మాట్లాడేటప్పుడు, ముప్పైకే పోయిన నలుగురిని మరిచిపోతున్నాం.

కూర అంగడికి మారినాక

తర్వాత మార్పులు వరుసగా వచ్చాయి. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నారు, 1971లో మొదటి రాకెట్ ఎగిరింది, యానాదులు దీవి దాటి బయటికొచ్చినారు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1989లో శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఏర్పడింది. వేట నేరమైంది. అడవి మిగలాలంటే అది అవసరమే, మళ్ళీ వేటకు పోదామని మేం అనడంలేదు. కాకపోతే అడవితో పాటు దుంపలూ ఆకులూ పండ్లూ కూడా మన పళ్ళెంలోంచి పోయాయి. వాటి జాగాలోకి వేరే ఏదీ రాలేదు.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తగ్గింది, అది చిన్న మేలు కాదు. అదే సమయంలో రాగిసంగటి, కొర్రలు, సామలు వెనక్కి పోయి తెల్లన్నం ముందుకొచ్చింది. కూర అంగడిలో కొనేదయింది. తిరుపతిలో చదువుకుంటున్న మన గదుల్లో చూడండి: రాత్రి పదకొండుకు బిర్యానీ, నిప్పుల మీద మాడ్చిన ముక్కలు, ఫ్రిజ్‌లోంచి తీసి నూనెలో వేసే సాసేజ్‌లు, సలామీ, నగ్గెట్లు. తాత దగ్గర మిగిలినది మాంసం అనే పేరు ఒక్కటే. జంతువు వేరు, కొవ్వు వేరు, ఎంత తింటున్నామో వేరు, పక్కన తినేది వేరు. తాత నడిచిన ఇరవై మైళ్ళు లేనే లేవు.

2015లో ఏం చెప్పినారు?

2015 అక్టోబర్ 26న ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఐఏఆర్‌సీ, ఒక ప్రకటన చేసింది. పది దేశాలకు చెందిన 22 మంది నిపుణులు 800కు పైగా అధ్యయనాలు చూసి చెప్పిన మాట ఇది. ప్రాసెస్ చేసిన మాంసం పెద్దపేగు క్యాన్సర్ తెస్తుందనడానికి ఆధారం గట్టిగా ఉంది, కాబట్టి ఒకటో గ్రూపు. రెడ్ మీట్ బహుశా తెస్తుంది, అది 2ఏ గ్రూపు.

రెడ్ మీట్ అంటే మేక, గొర్రె, పంది, ఎద్దు, ఎనుము వంటి జంతువుల మాంసం. కోడి, చేప ఇందులోకి రావు. ఉప్పు పట్టించి, ఊరబెట్టి, పొగబెట్టి, లేదా రసాయనాలు కలిపి నిలవ చేసింది ప్రాసెస్ చేసిన మాంసం. కోడితో చేసిన సాసేజ్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. దాచకుండా చెప్పాలంటే మన ఉప్పుకండ కూడా ఈ లెక్కలోదే. ఏడాదికి రెండుమూడుసార్లు పప్పులో వేసుకునే ముక్కకూ, రోజూ టిఫిన్‌లోకి తినే సాసేజ్‌కూ తేడా ఉంది. ప్రమాదం ఎంత తింటే అంత పెరుగుతుంది.

ఎంత పెరుగుతుంది? రోజూ 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని లెక్క. అంటే నూటికి 18 మందికి క్యాన్సర్ అని కాదు. మామూలుగా వెయ్యి మందిలో పది మందికి వచ్చే చోట, పన్నెండు మందికి దగ్గరగా వస్తుందని అర్థం. ఒకటో గ్రూపు అనగానే "మాంసం, సిగరెట్ ఒకటే" అని కొందరు ప్రచారం చేసినారు. గ్రూపు చెప్పేది ఆధారం ఎంత గట్టిదో, ప్రమాదం ఎంత పెద్దదో కాదు. ఆరోగ్య సంస్థ అప్పుడే చెప్పింది: ప్రాసెస్ చేసిన మాంసం ఎక్కువగా తినడం వల్ల ప్రపంచంలో ఏడాదికి సుమారు 34,000 క్యాన్సర్ మరణాలని అంచనా, పొగాకు వల్ల సుమారు పది లక్షలు.

ఎందుకట్లా జరుగుతుందంటే: నిలవకు కలిపే నైట్రైట్లు కడుపులో క్యాన్సర్ తెచ్చే పదార్థాలుగా మారతాయి. మాంసానికి ఎరుపు రంగునిచ్చే హీమ్ ఇనుము పేగు పొరను ఒరుస్తుంది. నిప్పు మీద నల్లగా మాడితే వేరే విషాలు పుడతాయి. క్యాన్సర్ ఒక్కటే కాదు, కొవ్వు గుండెకూ, ఉప్పు బీపీకీ చేటు. 2024లో 20 దేశాల నుంచి 19.7 లక్షల మంది వివరాలు కలిపి చూసిన అధ్యయనంలో, రోజూ 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తినేవాళ్ళలో రెండో రకం షుగర్ వచ్చే అవకాశం సుమారు 15 శాతం ఎక్కువగా కనిపించింది.

మన ఇంటి లెక్క

ఇక మన దగ్గరికి వద్దాం. గిరిజన ఆరోగ్యంపై కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. గిరిజన పెద్దల్లో నలుగురిలో ఒకరికి బీపీ ఉందని, 15-54 ఏండ్ల మగవాళ్ళలో సుమారు 72 శాతం పొగాకు వాడుతున్నారని అందులో ఉంది. అంటే ఒక చేత్తో బీడీ పట్టుకొని ఇంకో చేత్తో మాంసం గురించి భయపడితే లాభం లేదు. ముందు బీడీ, గుట్కా, సారా. తర్వాత ఉప్పు. ఆ తర్వాత మాంసం.

పందులు పెంచే ఇండ్లకు ఇంకో మాట. సరిగ్గా ఉడకని పందిమాంసంలో బియ్యపు గింజల్లాంటి బుడిపెలుంటే తిన్నవాళ్ళ పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా, ఆకుకూరల ద్వారా ఇంకొకరి కడుపులోకి, అక్కడినుంచి మెదడులోకి చేరితే మూర్ఛ వస్తుంది. పంది ముట్టని ఇంట్లోవాళ్ళకూ వస్తుంది. మన పక్కనే ఉన్న వేలూరులో సీఎంసీ వైద్యుల సర్వేలో మూర్ఛ ఉన్నవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి ఇదే కారణమని తేలింది. మరుగుదొడ్డి, పందులకు దొడ్డి, బాగా ఉడికిన కూర. ఈ మూడూ ఉంటే ఆ పురుగు బతకదు. తప్పు పందిది కాదు, మన బతుకుతెరువుదీ కాదు.

ఇంకోవైపు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏండ్ల ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మాంసంలో ఉండే ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. అందుకని "మాంసం మానేసి మంచివాళ్ళమవుదాం" అని మన చెల్లెళ్ళ పళ్ళెంలోంచి వారానికోసారి వచ్చే ఆ ముక్క కూడా తీసేస్తే, మేలు కంటే కీడే ఎక్కువ. ఇంట్లో మగవాళ్ళు తిన్నాక అడుగున మిగిలిన పులుసు ఆడపిల్లకు వేసే అలవాటు మన ఇండ్లల్లో కూడా ఉంది. దాన్ని మార్చుకుందాం.

ఏం చేద్దాం?

ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి చెప్పే హద్దు ఇది: రెడ్ మీట్ తినేవాళ్ళు వారానికి ఉడికినది 350 నుంచి 500 గ్రాములు దాటొద్దు. 500 గ్రాములంటే పచ్చిది సుమారు 700-750 గ్రాములు. ప్రాసెస్ చేసినది వీలైనంత తక్కువ. తండాలో, కాలనీలో ఉన్న మన అమ్మానాన్నలు ఈ హద్దు దగ్గరికి కూడా రారు. హెచ్చరిక వాళ్ళకు కాదు. టౌనుకొచ్చి, చేతిలో నాలుగు డబ్బులు పడి, వారానికి నాలుగు రాత్రులు తినే మనకు.

కూరతో పాటు సంగటో కొర్రన్నమో, ఏదో ఒక ఆకుకూర, ఒక నిమ్మబద్ద పెట్టుకుందాం. మాడ్చకుండా ఉడకబెట్టుకుందాం. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, కాసేపు ఆగుదాం. ఇవేవీ కొత్తవి కావు, టీ సంగతి తప్ప అన్నీ అవ్వ చేసినవే.

మలంలో నెత్తురు, వారాల తరబడి విరేచనం తీరు మారడం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే మొలలని మీరే తేల్చుకోవద్దు. ఇంట్లో ఎవరికున్నా ఆసుపత్రికి తీసుకుపోండి. వీలైతే పక్కన కూర్చోండి. డాక్టరు ఏం తింటారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పించండి: పంది తింటాం, ఎండు కండ తింటాం, ఎలుక తింటాం, వారానికి ఇన్నిసార్లు. ఆయన నవ్వితే ఆ తప్పు ఆయనది. మనం దాస్తే నష్టం మనది.

మామకు ఆపరేషన్ అయింది, ఇప్పుడు మందుల మీద ఉన్నాడు. పోయినసారి చూపించుకోడానికి వచ్చినప్పుడు కొత్త డాక్టరు అదే ప్రశ్న అడిగినాడు. మామ ఒకసారి మా వైపు చూసి, "సార్, మేం అన్నీ తింటాం. రాసుకోండి, చెప్తా" అన్నాడు. ఆయన నవ్వలేదు, పెన్ను తీసినాడు.

మీ ఇంట్లో అవ్వా తాతల్ని కూర్చోబెట్టి, వాళ్ళ చిన్నప్పుడు ఏడాదిలో ఎన్నిసార్లు మాంసం తిన్నారో, ఏది తిన్నారో, దేంతో తిన్నారో అడిగి ఇక్కడ రాయండి. మన పళ్ళెం గురించి వేరేవాళ్ళు రాసింది చాలు. ఇకమీదట మనమే రాసుకుందాం.